ఎడమ నుంచి మొదటి క్రేను

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా ఆయనకు పైన ఉండగా ఏదైనా అయితే, ఆ సంగతి అందరికీ తెలిశాక చిట్టచివర నాకు తెలుస్తుందేమోనని. పడిపోతారేమోనన్న భయం లేదని కాదు. అదీ ఉంది. కానీ నన్ను ఎక్కువ పీక్కుతినేది మాత్రం ఇదే. నేనిక్కడ బుజ్జిదాని గౌను ఉతుకుతూనో, స్టవ్వు తుడుస్తూనో ఉంటాను, అక్కడ అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది. ఆ గంటసేపూ నేనేం చేస్తున్నానో, ఏ పాట కూనిరాగం తీస్తున్నానో బతికినన్నాళ్ళూ గుర్తుచేసుకుంటూ కూర్చోవాలి.

మా ఆయన క్రేన్ ఆపరేటరు. పెద్ద పెద్ద మేడలు కట్టేచోట ఆకాశంలోకి నిలబడి, ఒక చేయి చాచినట్టుండే పసుప్పచ్చ క్రేను ఉంటుంది చూడండి, దాని మెడ దగ్గర అగ్గిపెట్టెంత గాజుగది ఒకటి ఉంటుంది. ఆయన ఉద్యోగం అందులో. పొద్దున ఏడింటికి నిచ్చెన ఎక్కితే సాయంత్రం ఆరింటికే దిగడం. దిగి మళ్ళీ ఎక్కాలంటే గంట పడుతుంది, అంతసేపూ కింద పని ఆగిపోతుంది, అందుకని మధ్యలో దిగరు. భోజనం డబ్బా, నీళ్ళ సీసాలు వీపు సంచిలో వేసుకుని ఎక్కేస్తారు. ఫోను గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేయాలి. పైన రేడియో ఉంటుంది గానీ అది పని కోసమే. ఎత్తు, దించు, ఆపు అన్న మూడు మాటలు కాక నాలుగో మాట వినబడితే సూపర్‌వైజరు ఊరుకోడు.

అక్కడ మూడు క్రేన్లున్నాయి, ముగ్గురు మనుషులు. రేడియోలో మాట్లాడుకోవడానికి లేదు కనక వాళ్ళలో వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మధ్యాహ్నం భోంచేశాక చేయి తుడుచుకుని, కంపెనీవాళ్ళిచ్చిన తెల్ల తువ్వాలు గాజుగది బయటి కడ్డీకి కట్టేస్తారు. తువ్వాలు కట్టి ఉందంటే తిన్నాను, బాగున్నాను అని. మిగతా ఇద్దరూ అటు ఓ చూపు వేసి తమ పని చూసుకుంటారు. ఒంటిగంటన్నర దాటినా కట్టకపోతే, తిట్లు పడినా సరేనని రేడియోలో పలకరిస్తారు.

ఈ మాట ఆయన నాతో ఏదో కబుర్లలో అన్నారు. ఆ రోజు నుంచీ నా బుర్రలో పురుగు దొలవడం మొదలైంది. మాది మూడో అంతస్తు. వంటగది కిటికీలోంచి చూస్తే ఇళ్ళ కప్పుల మీదుగా ఆ మూడు క్రేన్లూ కనిపిస్తాయి. కానీ గాజుగదులు గోధుమ గింజలంత. గింజకు కట్టిన తువ్వాలు ఏం కనబడుతుంది, నా మొహం!

"మీది ఏదండీ?" అని ఒక సాయంత్రం అడిగాను.

"ఎడమ నుంచి మొదటిది," అన్నారు బూట్లు విప్పుకుంటూ.

అంతకంటే అడగలేదు. అడగకపోవడం ఎంత తప్పో తర్వాత తెలిసొచ్చింది.

దూరంగా ఉన్నది దగ్గరగా చూపించే వస్తువు ఏదైనా కొనాలనుకున్నాను. దర్జీ దగ్గర నుంచి ప్యాంట్లు తెచ్చుకుని అంచులు మడిచి కుడతాను నేను. ఆ కూలిలో ఆరు నెలలుగా మిగిల్చుకున్నది చిన్న గుడ్డసంచిలో ఉంది. ముందు ఏం చేశానంటే, కాలిబాట మీద పరుచుకుని అమ్మే మనిషి దగ్గర చేతిలో ఇమిడే గొట్టం ఒకటి కొన్నాను. దాని మీద 'వంద రెట్లు' అని బంగారు అక్షరాలు వేసి ఉన్నాయి. ఇంటికొచ్చి కంటికి పెట్టుకుంటే పాలగ్లాసులోంచి చూసినట్టుంది. పైగా నా చేయి ఇంత కదిలితే క్రేను ఆకాశమంతా గెంతుతోంది. తల తిరిగి కళ్ళు మూసుకున్నాను. బుజ్జిదానికిచ్చేస్తే అది దాన్ని రోకలి చేసుకుని బొమ్మల అన్నం దంచుకుంది.

కుట్టిన ప్యాంట్లు ఇచ్చి వచ్చే దారిలో పాత కెమెరాలూ, దుర్భిణులూ, స్థలాలు కొలిచేవాళ్ళ పనిముట్లూ బాగుచేసే షాపు ఒకటుంది. ఆ వారమే బుజ్జిదాన్ని చంకనేసుకుని అందులోకి వెళ్ళాను. షాపాయనకు ముక్కు మీద ఒక కళ్ళజోడు, నుదుటి మీద ఇంకో కళ్ళజోడు.

"ఏం కావాలమ్మా?"

"దూరంగా ఉన్నది కనిపించేది కావాలండీ."

"ఎంత దూరం?"

"కిలోమీటరున్నర ఉంటుంది."

"ఏం చూస్తావు? పిట్టలనా, చుక్కలనా, ఎదురింటివాళ్ళనా?"

నాకు సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "మా ఆయన్ని," అన్నాను.

ఆయన నుదుటి మీది కళ్ళజోడు కూడా కిందికి దించి, నాలుగు అద్దాల్లోంచి నన్ను చూశాడు. "ఎవరితో తిరుగుతున్నాడో చూడాలా?"

"తిరగడానికి అక్కడ చోటు లేదండీ. క్రేన్లో ఒక్కరే కూర్చుంటారు."

"ఆ మాట ముందే చెప్పొద్దూ!" అని స్టూలు జరిపాడు. "కూర్చో. పిల్లని బల్ల మీద కూర్చోబెట్టు. దాని చేతికి మాత్రం ఏమీ అందనీకు."

గుడ్డసంచి బల్ల మీద పెట్టి, ఉన్నది ఇంతేనని చెప్పాను. ఆయన విప్పి చూడలేదు, బరువు చూసినట్టు అరచేతిలో ఓసారి ఎత్తాడు. "కొత్తదానికి చాలదు. పాతదానికి చాలుతుంది, నువ్వు అంకెల పిచ్చిలో పడకపోతే."

మొదట చుక్కలు చూసే టెలిస్కోపు తీశాడు. అందులోంచి వీధి చివరికి చూశాను. అమ్మో, బోర్డులు, మనుషులు, సైకిళ్ళు అన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి.

"ఇదేంటండీ, అంతా తిరగబడింది!"

"చుక్కలకి తలా కాళ్ళూ ఉండవు, వాటికి సరిపోతుంది. మీ ఆయనకి ఉన్నాయి కదా."

తర్వాత రెండు కళ్ళతో చూసే దుర్భిణి చేతికిచ్చాడు. బొమ్మ ఎంత తేటగా ఉందో. కానీ చిన్నది. "ఇందులో మీ ఆయన చీమ నుంచి బొద్దింక అవుతాడు, అంతే. నీకు చాలదు," అని తనే తీసేసుకున్నాడు. చివరికి అటక మీంచి ఆకుపచ్చ రబ్బరు ఊడిపోయిన గొట్టం ఒకటి దించాడు. ఒక చివర కన్ను పెట్టేచోట మెడ వంచినట్టు పైకి వంగి ఉంది.

"దీన్ని స్పాటింగ్ స్కోప్ అంటారు. పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళు వాడతారు. ఈ చక్రం తిప్పితే ఇరవై రెట్ల నుంచి అరవై రెట్ల దాకా పోవాలి. ఇది ఇరవై ఐదు దగ్గర బిగుసుకుపోయింది. బాగుచేసే ఖర్చుకి ఇంకోటి వస్తుంది. అందుకే చవక."

"అరవై ఉంటేనే బాగుండేది కదండీ?"

"మధ్యాహ్నం చూస్తానంటున్నావు. ఇళ్ళ కప్పుల మీంచి వేడి లేస్తూ ఉంటుంది. అరవై రెట్లు చేశావనుకో, ఆ వేడి కూడా అరవై రెట్లవుతుంది. మీ ఆయన నీళ్ళలో చేపలా ఈదుతూ కనబడతాడు. నీకు ఇరవై ఐదే మేలు. బిగుసుకుపోయినందుకు దానికి దణ్ణం పెట్టుకో."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఎన్ని రెట్లని కాదు, ముందున్న అద్దం ఎంత వెడల్పని అడగాలట. వాన పడుతున్నప్పుడు చెంబు పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి, వెలుతురు కూడా అంతేనట. నేను తొమ్మిదో తరగతి సగంలో మానేశాను. అద్దాల పాఠం ఆ ఏడాది రెండో సగంలో ఉండేది. మా సైన్సు టీచరు నిజం అద్దం తెచ్చి ఎండలో కాగితం కాల్చి చూపిస్తానంది గానీ, ఆమె కాల్చేనాటికి నేను బడిలో లేను. పదకొండేళ్ళ తర్వాత ఆ పాఠం ఈ స్టూలు మీద దొరికింది.

షాపాయన నాకు అమ్మేసి చేతులు దులుపుకోలేదు. చూసి తీసుకోవడం నేర్పాడు. టార్చిలైటు వేసి ముందు అద్దంలోంచి లోపలికి చూడమన్నాడు. పైన గీతలుంటే పట్టించుకోవద్దు, లోపల సాలెగూడులాగా బూజు పట్టి ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా ముట్టుకోవద్దు. వీధి చివర తెల్లబోర్డు మీద నల్ల అక్షరాలు చూడమన్నాడు. అక్షరాల అంచుకు ఊదా రంగు కొద్దిగా అంటుకుని ఉంది. "ఆ మాత్రం ఉంటుంది. నువ్వు అక్షరాలు చదవాలి గానీ రంగులు కాదు," అన్నాడు. సాయంత్రం వెలుతురు తగ్గాక మళ్ళీ వచ్చి చూడమన్నాడు. వెళ్ళాను. అదే బోర్డు, అప్పుడూ చదవగలిగాను.

ఇక స్టాండు. నేను సన్నటి అల్యూమినియంది ముచ్చటపడి పట్టుకుంటే చేతిలోంచి లాక్కున్నాడు. "అద్దానికి అంతా ధారపోసి కాళ్ళ దగ్గర పిసినారితనం చేసేవాళ్ళని ముప్పై ఏళ్ళ నుంచీ చూస్తున్నా. గాలేస్తే నీ క్రేను ఊగిందో, నీ స్టాండు ఊగిందో ఎలా తెలుస్తుంది?" అని స్థలాలు కొలిచేవాళ్ళ పాత చెక్క స్టాండు అంటగట్టాడు. దాన్ని మూడంతస్తులు మోసేసరికి నా నడుం పడిపోయింది. ఆయన చెప్పినట్టే మధ్యలో ఉల్లిపాయల సంచి వేలాడదీశాను. ఆ తర్వాత బుజ్జిది తన్నినా కదల్లేదు.

మా ఆయనకు చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక మాట అన్నారు. "నువ్వు కింద బెంబేలుపడుతున్నావని గుర్తొస్తే పైన నా కాలు వణుకుతుంది. నన్ను తలుచుకోకు," అని. తలుచుకోవడమే వద్దన్న మనిషికి, అద్దం పెట్టి చూస్తున్నానని ఎలా చెప్తాను? స్కోపు తీసి కుట్టుమిషను పెట్టెలో దాచేదాన్ని. స్టాండు మాత్రం దాచడం కుదర్లేదు.

"ఇదేంటే?" అన్నారు.

"బట్టలారేసుకునే స్టాండు."

"మూడు కాళ్ళదా?"

"నాలుగు కాళ్ళదానికి డబ్బుల్లేవు."

"మరి ఉల్లిపాయలెందుకు?"

"అవీ ఆరాలిగా."

ఆయన బుజ్జిదాని వైపు చూసి, "మీ అమ్మకి ఎండ తగిలింది," అన్నారు.

మొదటి రోజు పన్నెండింటికే స్కోపు బిగించి, బుజ్జిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. కన్ను పెట్టేచోటు పైకి వంగి ఉండడంతో నేలమీద కూర్చునే చూడొచ్చు. ఎడమ నుంచి మొదటి క్రేను. గాజుగది దొరకడానికే పది నిమిషాలు పట్టింది.  హెల్మెట్టు. నారింజరంగు జాకెట్టు. భుజాలు. మొహం మాత్రం నల్లటి మరకలా ఉంది, అద్దం మీద దుమ్ము, దూరం. ఫరవాలేదు, మా ఆయన భుజాలు నాకు తెలియవా? పన్నెండు నలభైకి తలుపు తెరుచుకుంది. ఒక చేయి బయటికొచ్చి కడ్డీకి తెల్ల తువ్వాలు కట్టింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి బుజ్జిది లేచి కూర్చుంది.

మొదటి వారమంతా తువ్వాలు తప్ప ఇంకేమీ చూడలేదు. అది కనబడగానే స్కోపు పెట్టెలో పెట్టేసి, పాటలు పాడుకుంటూ ప్యాంట్లు కుట్టుకునేదాన్ని. రెండో వారానికి కన్ను అలవాటుపడింది, ఇంకొంచెంసేపు చూద్దామనిపించింది. అప్పుడు గమనించాను. ఆయన తువ్వాలు ముందే కట్టేస్తున్నారు. డబ్బా తీయడమే లేదు. తువ్వాలు కట్టి, వచ్చి కూర్చుని, తల అద్దానికి ఆనించి అలాగే ఉండిపోతున్నారు. పావుగంట. ఒక్కోరోజు అరగంట. నీళ్ళ సీసా ఎత్తితే చేయి వణకడం కూడా తెలిసేది.

సాయంత్రం డబ్బా చూస్తే ఖాళీగా, శుభ్రంగా కడిగి ఉంది.

"కూర ఎలా ఉందండీ?"

"అదిరింది."

ఎంత నున్నగా చెప్తున్నారో! ఈ మనిషి అన్నం పిట్టలకి పారేసి, డబ్బా కడుక్కుని, నా మొహం చూసి నవ్వుతూ అదిరింది అంటున్నారు. ఏదో జబ్బు పట్టుకుంది, నా దగ్గర దాస్తున్నారు.  అడుగుదామంటే ఎలా తెలుసంటారు. అడక్కుండా ఉందామంటే అన్నం దిగడం లేదు.

కారం తగ్గించాను. నూనె మానేశాను. అన్నం మెత్తగా ఉడికించాను. పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటుంటే నుదుటి మీద చేయి వేసి చూసేదాన్ని, మణికట్టు పట్టుకునేదాన్ని.

"నాడి చూడ్డం ఎప్పుడు నేర్చుకున్నావే?"

"ఊరికే పట్టుకోకూడదా?"

"పట్టుకో. కానీ రేపైనా కాస్త ఉప్పేసి వండు. నేనేమన్నా బాలింతనా?"

నవ్వితే దవడల కింద కండ తగ్గినట్టు కనిపించింది నాకు. భయంతో చూస్తే ఏదైనా కనిపిస్తుంది.

పదహారో రోజున పన్నెండున్నరకే తువ్వాలు కట్టారు. కూర్చున్నారు. తల అద్దానికి ఆనింది. ఒళ్ళో ఉన్న చేయి పక్కకి జారి కిందికి వేలాడింది. మళ్ళీ ఎత్తలేదు. వంటగది గడియారం వైపు ఒకసారి, స్కోపులోకి ఒకసారి చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు. ఇరవై. క్రేను కొక్కెం ఖాళీగా గాల్లో ఆగి ఉంది. అరగంట అయింది.  గేటు ఆఫీసు నంబరు గోడమీద రాసే ఉంది, ఫోను తీశాను. ఫోను చేస్తే, ఆయన కునుకు తీస్తున్నారంతే అయితే? పనిలో నిద్రపోయాడని నా మూలంగా ఉద్యోగం పోతే? చేయకపోతే, నిజంగా ఏదైనా అయితే? వేలు అంకెల మీద పెట్టి, కన్ను స్కోపుకి ఆనించి కూర్చున్నాను.

"ఏం చూస్తున్నావే?"

వెనక్కి తిరిగాను. గుమ్మంలో మా ఆయన. చేతిలో సంచి, భుజం మీద జాకెట్టు. ఒక్క క్షణం నాకు మతిపోయింది. అక్కడ గాజుగదిలో ఆయనే, ఇక్కడ గుమ్మంలో ఆయనే.

"మీరు... మీరు అక్కడ కదా ఉన్నారు!"

"ఇనుపతాళ్ళు తనిఖీ చేయడానికొచ్చారు, నా క్రేను సగం రోజు ఆపేశారు. ఏమైంది, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?"

"మరి మీ క్రేన్లో ఉన్నది ఎవరు?"

"ఎవరూ లేరు. చెప్తున్నాగా, ఆపేశారని." స్కోపు వైపు, ఉల్లిపాయల వైపు, నా వైపు చూశారు. వంగి కన్ను పెట్టారు. కాసేపటికి భుజాలు ఊగడం మొదలైంది. నవ్వుతున్నారు. "ఇది నాదని ఎవరన్నారే నీకు?"

"మీరే అన్నారు. ఎడమ నుంచి మొదటిదని!"

"గేటు దగ్గర నించుంటే ఎడమ! నువ్వు వెనకాల్నుంచి చూస్తున్నావు కదే పిచ్చిదానా. ఇక్కణ్ణుంచి నాది కుడి చివరది. అది మాలో పెద్దాయన, బాబాయ్‌ది." కళ్ళు తుడుచుకున్నారు. "ఎన్నాళ్ళుగా సాగుతోంది? ఆ పెద్దాయనకి సైటు కొడుతున్నావా?"

నేను నవ్వలేదు. "ఆయన తినడం లేదండీ," అన్నాను.

"తువ్వాలు కట్టాడుగా."

"తువ్వాలు ముందే కడుతున్నారు. డబ్బా ముట్టుకోవడం లేదు. ఈ వారంలో ఒక్కరోజు కూడా తినలేదు. తల ఆనించి అలా ఉండిపోతున్నారు. ఇవాళ అరగంట దాటింది. చేయి చూడండి."

ఆయన మళ్ళీ కన్ను పెట్టారు. ఈసారి భుజాలు ఊగలేదు. చాలాసేపు చూశారు. "మేమిద్దరం తువ్వాలు ఒక్కటే చూసేవాళ్ళం," అన్నారు మెల్లగా. నా చేతిలోంచి ఫోను తీసుకుని గేటు ఆఫీసుకి చేశారు. "ఒకటో, రెండో కాదు, మూడో నంబరు. రేడియోలో పలకరించండి. ముందు పలకరించండి, కారణాలు తర్వాత చెప్తా."

నేను స్కోపు దగ్గర కూర్చున్నాను. "పలకరిస్తున్నారు," అన్నారు ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని. గాజుగదిలో ఏమీ కదల్లేదు. "మళ్ళీ పిలుస్తున్నారు." హెల్మెట్టు అద్దానికి ఆనే ఉంది. మూడోసారికి, నీళ్ళలోంచి పైకి తేలినట్టు నెమ్మదిగా, తల లేచింది. చేయి రేడియో కోసం వెతికింది.

"లేచారు!" అని అరిచాను.

"బాగానే ఉన్నానంటున్నాడట." మా ఆయన పళ్ళు బిగించారు. "అలాగే అంటాడు. ఎవరినైనా పైకి పంపండి. తీపి ఏదైనా ఇచ్చి పంపండి. ఆయన్ని ఒంటరిగా దిగనివ్వకండి, నేనొస్తున్నా." జాకెట్టు మళ్ళీ తొడుక్కుని మెట్లు దిగి పరుగెత్తారు.

ఆ మధ్యాహ్నమంతా నేను స్కోపు వదల్లేదు. ఒక మనిషి నిచ్చెన ఎక్కడం, గాజుగది తలుపు తెరవడం, గ్లాసు అందించడం, చాలాసేపు ఇద్దరూ కూర్చోవడం, తర్వాత ఒక్కో మెట్టూ దిగడం, మజిలీ మజిలీకీ ఆగడం అన్నీ చూశాను. పెద్దాయన కాలు నేలమీద ఆనేది మాత్రం కనబడలేదు, ఇళ్ళు అడ్డం. దాని కోసం సాయంత్రం దాకా ఆగాను. ఆయనకి షుగరట. పొద్దున మాత్ర వేసుకుంటారు. మధ్యాహ్నం తింటే కునుకొస్తుందని, కింద మనుషులు తిరుగుతుంటే కునుకు కూడదని, తినడం మానేశారు. మాత్ర లోపల తన పని తను చేసుకుపోయి షుగరు మరీ పడిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు, అన్నీ తానే. జబ్బని తెలిస్తే పైకి ఎక్కనివ్వరని తువ్వాలు మాత్రం రోజూ ముందే కట్టేవారు.

మరుసటి ఆదివారం ఆయన మా ఇంటికొచ్చారు. బుజ్జిదానికి బంతి తెచ్చారు.

"ఏమ్మాయ్, నన్ను పట్టించింది ఇదేనా?" అని స్టాండు చుట్టూ తిరిగారు.

"క్షమించండి బాబాయిగారూ. మా ఆయననుకుని చూశాను."

"పదహారు రోజులూనా? నా నడుం చూసి కూడా అనుమానం రాలేదా?" అన్నారు. తర్వాత కూర్చుని కన్ను పెట్టారు. ఖాళీగా ఉన్న తన గాజుగదిని చాలాసేపు చూసుకున్నారు. "కడ్డీకి చుట్టిన తాడు కూడా కనిపిస్తోంది," అన్నారు. కన్ను తీయకుండానే అడిగారు. "నేను ముక్కులో వేలు పెట్టుకోవడం కూడా చూశావా?"

"రెండుసార్లండీ."

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. పెద్దాయనా నవ్వారు గానీ, లేచేటప్పుడు బుజ్జిదాని తల మీద చేయి వేసి కాసేపు తీయలేదు. "ముప్పై రెండేళ్ళు పైన కూర్చున్నా. కింద ఎవరైనా చూస్తారని ఎప్పుడూ అనుకోలేదు," అన్నారు. నేను ఇంకొంచెం టీ పోశాను.

డాక్టరు మాత్ర మార్చారు. రెండు నెలలు కింద పనే చేయించి, పరీక్షలన్నీ చూసి, ఎక్కొచ్చని కాగితమిచ్చారు. ముగ్గురూ పద్ధతి కూడా మార్చుకున్నారు. ముందు ఖాళీ డబ్బా అద్దం దగ్గర బోర్లించి చూపించాలి, ఆ తర్వాతే తువ్వాలు. పెద్దాయన ఎక్కిన మొదటి రోజు, పన్నెండు నలభై ఐదుకి, డబ్బా మా కిటికీ వైపే తిప్పి బోర్లించారు. ఒకటికి రెండుసార్లు తట్టి మరీ చూపించారు, మెతుకు కూడా లేదని.

స్కోపు కుడివైపు తిప్పితే మా ఆయన. ఈయన కాళ్ళు చాపుకుని తింటారు, తింటున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉంటాయి. "పైన ఎవరితో అంత మాట్లాడతారు?" అని అడిగాను.

"నీతోనే. అక్కడైతే మధ్యలో అడ్డురావు."

నన్ను తలుచుకోకు అన్న మనిషే.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా కిటికీకీ ఆ క్రేన్లకీ మధ్య కొత్త మేడ ఒకటి లేస్తోంది. నెలకో అంతస్తు. పోయిన వారం దాని ఆరో కప్పు పడింది, ఎడమ నుంచి మొదటి గాజుగది దాని వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆయన ఇంకా కనిపిస్తున్నారు. పెద్దాయన కనిపించడం లేదు. మిగతా ఇద్దరూ చూస్తారు, నిజమే. కానీ పని మీదున్న మనిషికి తువ్వాలు కనబడితే చాలనిపిస్తుంది, అది మేం ఒకసారి చూశాం.

రైలు పట్టాల అవతలి మేడల్లో ఉండేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీకు ఆ మూడు పసుప్పచ్చ క్రేన్లూ బాగా కనిపిస్తాయి. మీరు చూసేది గేటు వైపు నుంచి, కాబట్టి మీకు కుడి చివరది పెద్దాయనది. నాలాగా పొరపాటు పడకండి. పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్య ఒక్కసారి చూడండి. పిట్టల్ని చూసే దుర్భిణి ఉన్నా చాలు, మీరు మాకంటే దగ్గర. ముందు డబ్బా, తర్వాత తువ్వాలు. తువ్వాలు ఒక్కటే కనబడితే నమ్మకండి. గేటు దగ్గర కాపలా మనిషికి చెప్పి, పెద్దాయన్ని రేడియోలో ఒకసారి పలకరించమనండి.